గోడ టీచర్ పలకలు

ఆ బడిలో ఒకటో తరగతి చెప్పే ఆవిడకి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపం పిల్లల మీద మాత్రం ఒక్కనాడూ విరుచుకుపడలేదు. అందుకే పిల్లలు ఆవిడ చెయ్యి పట్టుకుని వేలాడేవారు, పెద్దవాళ్ళు ఆవిడ ఎదురుపడితే పక్కకి తప్పుకునేవారు. ఎవరైనా తండ్రి గుమ్మంలో నిలబడి "మావాడికి ఇంకా చదవడం రాలేదండీ" అని నసిగితే, "ముందు రాయనివ్వండి, చదవడం దాని వెనకాలే వస్తుంది" అనేసి తలుపు దగ్గరికి వేసేది. ఆ తండ్రి నాలుగు నెలల తరువాత మళ్ళీ వచ్చి, మావాడు దారిపొడవునా బోర్డులన్నీ చదివి చంపుతున్నాడండీ అని మొరపెట్టుకునేవాడు. దానికీ ఆవిడ పెద్దగా పొంగిపోయేది కాదు.

ఆవిడ పద్ధతి చాలా చిన్నది. గొడుగు అనే మాట ఉందనుకోండి. గొడుగు బొమ్మ చూపించి, దాని కింద అక్షరాలు చూపించి, గొడుగు అనండి అనడం ఆవిడకి గిట్టదు. ముందు ఆ మాటని నోట్లో నమలమనేది. గొ, డు, గు. ముక్కకో చప్పట. మొదటి ముక్క ఏం వినబడింది? దానికి ఏ అక్షరం? చెవికి వినబడింది చేతికి చెప్పు. పిల్ల రాస్తుంది. తప్పే రాస్తుంది. "గుడుగు" అని రాస్తుంది. ఆవిడ తప్పు అనదు, "నువ్వు రాసింది నువ్వే చదువు" అంటుంది. పిల్ల చదువుకుని, గుడుగేంటి అని తనే కిసుక్కున నవ్వి, తనే చెరుపుకుని దిద్దుకుంటుంది. ఒక్కసారి ఇలా చేత్తో కట్టుకున్న మాట ఎక్కడ ఎదురుపడినా ఆ పిల్ల ఆగి చూస్తుంది. అలా కొన్నాళ్ళు కట్టుకుంటూ పోతే, ఎవరూ చెప్పకుండానే ఎప్పుడూ రాయని మాటని కూడా విడగొట్టి చదివేస్తుంది. ఇదంతా ఆవిడ ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. ఎక్కడ నేర్చుకుందో తరువాత చెప్తాను.

ఇలా సాగుతుండగా ఆవిడ ఆడపడుచు ఆ బడికి హెడ్‌మిస్ట్రెస్ అయింది. భర్తకి స్వయానా చెల్లెలు. ఒకటే ఇల్లు, కింది వాటాలో వీళ్ళిద్దరు, పై వాటాలో ఆడపడుచు, ఆమె ఆరేళ్ళ కూతురు. ఆడపడుచు భర్తకి ఓడ మీద ఉద్యోగం, ఇంట్లో ఉన్న రోజులకంటే నీళ్ళ మీద ఉన్న రోజులే ఎక్కువ. అందరి వంటా కిందే, అందరి భోజనాలూ ఒకే బల్ల దగ్గర. ఇంట్లో "వదినా, కాస్త ఉప్పు అందుకో" అనే మనిషే బడి గేటు దాటగానే "టీచర్, మీరు లేటు" అనేది. ఈవిడ కూడా తక్కువ తినలేదు. ఇంట్లో "పోవే" అనే నోటితోనే బడిలో "అలాగే మేడమ్" అనేది. ఆ మేడమ్‌లో ఎంత కారం ఉందో కొలిచే యంత్రం ఆ బడిలో లేకపోవడం ఇద్దరికీ మంచిదైంది.

కొత్త మేడమ్ ఏదో శిక్షణకి వెళ్ళి, అట్టపెట్టెల నిండా రంగుల పుస్తకాలతో తిరిగొచ్చింది. మీటింగు పెట్టి, ఇకమీదట చిన్నపిల్లలు చూడాలి, వినాలి, చెప్పాలి, అంతే అంది. డిక్టేషన్లు వద్దు, పలకలు వద్దు, నోటుపుస్తకాలు వద్దు. రాతతో పిల్లలకి చదువంటేనే విరక్తి పుడుతోందట. చదవడం పూర్తిగా వచ్చాక రెండో తరగతిలో రాత మొదలుపెట్టాలట. మేడమ్ చెడ్డమనిషి కాదు, పిల్లలు ఏడవకూడదనే ఆమె బాధ. కానీ ఒకటో తరగతి టీచరుకి అది వింటుంటే అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవిడ లేచి, "ఈత పూర్తిగా వచ్చాక నీళ్ళలోకి దింపమన్నట్టుంది మేడమ్" అంది. అందరూ నవ్వారు. మేడమ్ నవ్వలేదు. మర్నాడు పలకలన్నీ గోనెసంచుల్లోకెక్కి స్టోరుగదికి వెళ్ళిపోయాయి.

పలకలు వద్దన్నారు, నోటుపుస్తకాలు వద్దన్నారు. నీళ్ళు వద్దనలేదు. ఒకటో తరగతి బయట కారిడారు గోడకి చెయ్యి మరకలు కనబడకుండా కింది సగం ముదురు బూడిద రంగు వేసి ఉంది. ఆవిడ ఒక మగ్గు నిండా నీళ్ళు పెట్టి, పిల్లల్ని గోడ వెంట వరసగా నిలబెట్టి, వేలు ముంచి రాయమంది. తడి వేలితో రాస్తే అక్షరం నల్లగా, స్పష్టంగా కనబడుతుంది. ఆరిపోయేలోగా పక్కవాడు చదివెయ్యాలి. పిల్లలకి ఇంతకంటే మంచి ఆట దొరకలేదు. ఒకడు రాస్తే ఇంకొకడు పరుగున వచ్చి, కళ్ళు చిట్లించి, ఆరిపోతోంది ఆరిపోతోంది అని గోల పెడుతూ చదివేవాడు. మేడమ్ రౌండుకి వచ్చేసరికి గోడ శుభ్రంగా ఉండేది, పిల్లలు రంగుల పుస్తకాలు పట్టుకుని బుద్ధిగా కూర్చునేవారు. బడిలో మిగతా టీచర్లకి సంగతి తెలిసి ఆవిడకి గోడ టీచర్ అని పేరు పెట్టారు.

మేడమ్ కూతురు కూడా ఆ తరగతిలోనే ఉంది. సన్నగా, తేలిగ్గా, ఎక్కడా నిలవకుండా ఉంటుందని ఇంట్లో దాన్ని పిట్ట అనేవారు. కొత్త పద్ధతికి ఆ బడిలో పిట్టే ముద్దుబిడ్డ. చూడ్డానికి ఎవరొచ్చినా మేడమ్ దాన్ని పిలిపించేది. అది రంగుల పుస్తకం విప్పి, వేలు పెట్టుకుని, గొంతు పెంచుతూ తగ్గిస్తూ గడగడా చదివేసేది. గొడుగు పట్టుకుని బజారుకెళ్ళిన మేక కథ. వచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. మేడమ్ మొహం వెలిగిపోయేది.

ఒకరోజు తరగతిలో పిట్ట ఆ కథే చదువుతోంది. మేక గొడుగు పట్టుకుని బజారుకి బయల్దేరింది. పేజీ తిప్పింది. నడుమ రెండు పేజీలు జిగురుకి అతుక్కుపోయి ఉన్నాయి, అది రెండూ కలిపి తిప్పేసింది. ఎదురుగా ఉన్న బొమ్మలో మేక అప్పటికే ఇల్లు చేరి, గొడుగు ఆరబెట్టుకుంటోంది. పిట్ట మాత్రం ఆ పేజీ మీద వేలు పెట్టి, "దారిలో పెద్ద వాన వచ్చింది" అని హాయిగా చదివింది. గోడ టీచర్ వంగి ఆ పేజీ చూసింది, అక్కడ వాన మాటే లేదు. సాయంత్రం పిల్లలంతా వెళ్ళాక, మేక అని తడి వేలితో గోడ మీద రాసి, "ఇదేంటో చదువు తల్లీ" అంది. పిట్ట గోడని కిందికీ పైకీ వెతికింది.

"బొమ్మ ఏదీ?" అంది.

ఆ ప్రశ్న ఆవిడ అంతకుముందు ఒకసారి విన్నది. పిల్ల నోటినుంచి కాదు, పెళ్ళైన కొత్తలో భర్త నోటినుంచి. ఆయన కుళాయిల మేస్త్రి. ఏ ఇంట్లో ఏ పైపు ఎక్కడ వంపు తిరిగిందో కళ్ళు మూసుకుని చెప్పగల మనిషి. పేపరు విప్పి కూర్చుంటే మాత్రం పేజీ తిప్పేవాడు కాదు. సామాన్లు రాసిస్తే, "కాగితం ఎందుకు, నోటితో చెప్పు, గుర్తుంటుంది" అనేవాడు. కొత్త మోటారుతో వచ్చిన కాగితం ఒకటి ఆవిడ చేతిలో పెట్టి, "ఇందులో బొమ్మ ఏదీ లేదేంటి?" అన్నాడు ఒకరోజు. అప్పుడు తెలిసింది ఆవిడకి. బడి మొత్తం విన్నది విన్నట్టు అప్పజెప్పి గట్టెక్కిన మనిషికి ఒక్క ముక్క చదవడం రాదు. పట్టుబడతానన్న భయంతో చివరి పరీక్షకి ముందే చదువు మానేసి, పైపులు పట్టుకున్నాడు. నేర్పుతానంటే కాగితం ముట్టనన్నాడు. కాగితం మీద తప్పులు రాస్తే ఎవరి కంటైనా పడుతుందని ఆయన భయం. సరే అని ఆవిడ వంటగది గట్టు మీద తడి వేలితో మొదలుపెట్టించింది. పైపు, బోల్టు, వాల్వు, ఆయన రోజూ పలికే మాటలే. రాసిందాన్ని చదువుకోవడం, చదువుకున్నదాన్ని తుడిచేసుకోవడం. అలా గట్టు మీద నీళ్ళతో ఆయన చదువు నేర్చుకున్నాడు, ఆవిడ చదువు చెప్పడం నేర్చుకుంది. ఆయన ఒక్కటే ఒట్టు వేయించుకున్నాడు. "నా చెల్లికి మాత్రం తెలియకూడదు. అన్నయ్య పుస్తకం చూడకుండా పాఠాలన్నీ చెప్తాడని దానికి నేనంటే గొప్ప."

ఇప్పుడు ఆ చెల్లెలి కూతురు అదే దారిలో ఉంది. రెండో తరగతి పుస్తకంలో ఇన్ని బొమ్మలు ఉండవు. ఈలోపు దానికి చదవడం రాకపోతే, అక్కడ నుంచి దాక్కోవడం మొదలవుతుంది. దాక్కోవడం అలవాటైన పిల్లని బయటికి తేవడం ఎంత కష్టమో ఆవిడకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. తాడో పేడో తేల్చుకోవాలని మర్నాడు సరాసరి ఆఫీసుగదికి వెళ్ళింది.

"మేడమ్, పిట్టకి చదవడం రాదు."

మేడమ్ పెన్ను కింద పెట్టింది. "ఏంటి టీచర్ మీరనేది? మొన్న వచ్చినవాళ్ళ ముందు పుస్తకమంతా చదివింది."

"చదవలేదు, అప్పజెప్పింది. మీ గొంతు విని నేర్చుకుంది. బొమ్మ మీద చెయ్యి పెట్టి మూసి అడిగి చూడండి."

"మీకు కొత్త పద్ధతి పడలేదు, ఆ సంగతి నాకు తెలుసు. అందుకని నా కూతుర్ని అడ్డం పెట్టుకుంటారా?"

"నీ కూతురు నాకేమైనా పరాయిదా?" అనేసి, బడిలో ఉన్నానని గుర్తొచ్చి ఆవిడ నాలుక కరుచుకుంది.

మేడమ్ మొహం కందగడ్డ అయింది. "గోడ మీద రాతల సంగతి నాకు తెలియదనుకోకండి."

"గోడ మీద రాతలా? వెళ్ళి చూడండి మేడమ్. ఒక్కటి కనబడితే చెప్పండి."

అదీ ఆవిడ నోరు. అక్కడ తగ్గి ఉంటే ఏమయ్యేదో కానీ, తగ్గడం ఆవిడ వల్ల కాదు. సోమవారం నుంచి స్టోరు చూసుకోమని, ఒకటో తరగతికి పాఠాలు చెప్పడానికి కొత్తమ్మాయి వస్తుందని మేడమ్ అక్కడికక్కడే తేల్చేసింది. ఎన్నో ఏళ్ళుగా తనదనుకున్న గది ఒక్క మాటతో పోయింది. ఆవిడ కారిడారులోకి వచ్చి కాసేపు గోడకి చేరబడి నిలబడింది. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆడపడుచు కిందికి రాలేదు. భర్తకి సంగతంతా చెప్తే ఆయన కంచంలో వేళ్ళు కదపకుండా విన్నాడు.

"నా సంగతి చెప్తే అది నమ్మేది కదే," అన్నాడు చివరికి.

"ఒట్టేశాను కదండీ. నా ఉద్యోగం కోసం మీ పరువు తీస్తానా?"

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. కారని కుళాయినే విప్పి మళ్ళీ బిగిస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

స్టోరు అంటే మెట్ల కింద పొడవాటి గది. ఒక కిటికీ, దానికి అరుగులాంటి చెక్క. లోపల సుద్దముక్కల డబ్బాలు, చీపుళ్ళు, బంతులు, విరిగిన కుర్చీలు, తాళ్ళు. మూలన గోనెసంచులు. సోమవారం పొద్దున్న ఆవిడ ఒక సంచి మూతి విప్పి చూసి, ఒక్కసారి పకపకా నవ్వింది. బడిలో పలకలన్నీ అక్కడే ఉన్నాయి. రాయించకూడదని ఏ మనిషిని తీసేశారో ఆ మనిషిని తెచ్చి పలకల మధ్య పడేశారు. ఇక మేడమ్ పప్పులు ఇక్కడ ఉడకవని ఆవిడకి ఆ క్షణంలోనే అర్థమైంది.

ఒక పలక తుడిచి, బలపం పక్కన పెట్టి, కిటికీ చెక్క మీద ఉంచింది. మొదట వచ్చినవాడు నాలుగో తరగతి పొడుగువాడు.

"టీచర్, బంతి కావాలి."

"రాయి."

"ఏంటి?"

"ఏం కావాలో రాయి. రాస్తే ఇస్తాను."

వాడు గొణుక్కుంటూ రాశాడు. బంతి పట్టుకుని పోయాడు. మధ్యాహ్నానికి సంగతి బడంతా పాకింది. స్టోరులో నోటితో అడిగితే దొరకదట, రాయాలట. ఒకటో తరగతి పిల్లలకి ఇది పండగే అయింది. ఇంటర్వెల్ గంట కొట్టగానే తోసుకుంటూ వచ్చేవారు. తాడు, సుద్ద, రబ్బరు, సూది, అవసరం ఉన్నా లేకపోయినా అన్నీ కావాలి వాళ్ళకి. నోట్లో నములుకుంటూ, చప్పట్లు కొట్టుకుంటూ రాసేవారు. రాసింది పైకి చదివితే సరుకు చేతికొచ్చేది. ఒక బుడతడు "ఏనుగు కావాలి" అని రాశాడు. ఆవిడ గదంతా వెతికినట్టు తిరిగొచ్చి, "స్టాకు అయిపోయింది, వచ్చే వారం కనుక్కో" అంది. వాడు వచ్చే వారం నిజంగానే వచ్చి కనుక్కున్నాడు.

మేడమ్ ఒకసారి కిటికీ ముందు ఆగి, "ఇక్కడేం జరుగుతోంది?" అని అడిగింది.

"ఎవరికేం కావాలో రాయించుకుంటున్నాను మేడమ్. స్టోరు అన్నాక ఒక పద్ధతి ఉండాలి కదండీ."

మేడమ్ పలక వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

పిట్ట మాత్రం కిటికీ వైపు రాలేదు. ఇంట్లో కూడా అత్త కనబడితే మేడ మీదికి పరుగెత్తేది. ఒకరోజు కొత్తమ్మాయి సుద్దముక్కల కోసం దాన్నే పంపింది. అది వచ్చి, మునివేళ్ళ మీద నిలబడి, పలక వైపు చూసి, కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుంది.

"నాకు రాదత్తా. అమ్మకి చెప్పకు."

"చెప్పకూడదా? ఎందుకని?"

"నేను చదివితే అమ్మ నవ్వుతుంది. చాలా నవ్వుతుంది." ముక్కు తుడుచుకుంది. "ఇంకెప్పుడూ అంత నవ్వదు."

ఆవిడ చేతిలోని డబ్బా కింద పెట్టింది. తలుపు తీసి దాన్ని లోపలికి రానిచ్చి, ఒక చీపురుకట్టల మూట మీద కూర్చోబెట్టింది. "నేను చెప్పను. ఎప్పుడో ఒకరోజు నువ్వే చెప్తువుగాని. ఇప్పుడు నీకేం కావాలో చెప్పు."

"సుద్ద."

"నోట్లో వేసుకో. నెమ్మదిగా నములు. ఏం వినబడింది?"

ఆ రోజు సు ఒక్కటే వచ్చింది. ఆ తరువాత పిట్టకి రోజూ ఏదో ఒకటి కావాల్సి వచ్చేది. మొదట్లో అది అత్త మొహంలోకి చూసేది, రాసింది ఒప్పో తప్పో అక్కడ దొరుకుతుందేమోనని. ఆవిడ కావాలని మొహం తిప్పుకుని సామాను సర్దుకునేది. "నన్ను చూడకు, పలకని చూడు. నువ్వు రాసిందే కదా, అదే చెప్తుంది." తాటు అని రాసి, తాటు అని చదువుకుని, కాదు కాదు అని కాళ్ళు నేలకేసి కొట్టి, చెరిపి, తాడు అని దిద్దుకున్న రోజున పిట్ట గది అంతా గంతులేసింది. ఆ సాయంత్రం గుమ్మంలో మామయ్య సంచి మీద ఏదో కంపెనీ వాళ్ళు వేసిన అక్షరాల ముందు కూర్చుని, పై పు లు అని ఒక్కొక్కటీ కూడబలుక్కుంది. అక్కడ బొమ్మ లేదు. మామయ్య వెనక నిలబడి చూశాడు. చూసి, సంచి అక్కడే వదిలి లోపలికి వెళ్ళిపోయాడు.

అంతలో తల్లిదండ్రుల సభ వచ్చింది. ఆ రంగుల పుస్తకాలు వేసిన కంపెనీ వాళ్ళు కూడా చూడ్డానికి వచ్చారు. హాలు నిండిపోయింది. గోడ టీచర్ వెనక తలుపు దగ్గర అదనపు కుర్చీలు అందిస్తోంది, కుర్చీలు స్టోరువి కదా మరి. భర్త పని బట్టలతోనే వచ్చి చివరి వరసలో నిలబడ్డాడు. మేడమ్ కాసేపు మాట్లాడి, పిట్టని వేదిక మీదికి పిలిచి, రంగుల పుస్తకం చేతికిచ్చింది.

పిట్ట పుస్తకం విప్పింది. మేకని చూసింది. హాలంతా ఎదురుచూస్తోంది. అది పుస్తకం మూసేసింది.

"ఇది నాకు నోటికొచ్చు," అంది గట్టిగా. "చదవడం కాదు. అమ్మ చదువుతుంటే విని చెప్పేదాన్ని."

మేడమ్ వంగి ఏదో గుసగుసలాడింది. పిట్ట తల అడ్డంగా ఊపింది. "నేను రాసి చదువుతా," అని వేదిక మీదున్న నల్లబల్ల దగ్గరికి వెళ్ళి సుద్దముక్క తీసుకుంది.

రాయడం మొదలుపెట్టింది. ఒక్కొక్క అక్షరానికీ పెదవులు కదుపుతూ, మధ్యలో ఆగి చప్పట కొట్టి, చేత్తో చెరిపి మళ్ళీ రాస్తూ. ముందు వరసలో ఎవరో దగ్గారు. పుస్తకాల వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అవమానంతో మేడమ్ చెవులు ఎర్రబడ్డాయి.

"చాల్లేమ్మా, ఇక దిగు. ఇంకెవరినైనా పిలుద్దాం."

"దాన్ని రాయనివ్వు."

హాలు మొత్తం వెనక్కి తిరిగింది. మాట్లాడింది కుళాయిల మేస్త్రి.

"అన్నయ్యా, నువ్వు కూర్చో," అంది మేడమ్, బడి సంగతి మర్చిపోయి.

"కూర్చోను. చిన్నప్పుడు నువ్వు నా పుస్తకాలు తీసి పైకి చదివేదానివి, గుర్తుందా? ఆటలాగా. నేను పక్కన పడుకుని వినేవాణ్ణి. మర్నాడు బడిలో అదే అప్పజెప్పేవాణ్ణి. అందరూ చదువు అనుకున్నారు. నువ్వూ అనుకున్నావు." ఆయన టోపీ చేతిలో నలుపుతున్నాడు. "నాకు చదవడం రాదమ్మా. పెళ్ళయ్యేదాకా రాలేదు. నీ గొంతు తప్ప నాకు పుస్తకం లేదు. నన్నెవరూ రాయమనలేదు. దాన్ని రాయనివ్వు."

గోడ టీచర్ చేతిలో కుర్చీ అలాగే ఉండిపోయింది. తను ఇన్నేళ్ళు నోరు విప్పకుండా కాపాడిన మాటని ఆయనే నలుగురిలో పెట్టేశాడు. ఆవిడకి భర్త మీద అంత గర్వం ఎన్నడూ కలగలేదు. మేడమ్ పక్కనున్న కుర్చీలో కూర్చుండిపోయింది. నల్లబల్ల దగ్గర సుద్దముక్క చప్పుడు మాత్రం ఆగలేదు.

పిట్ట ముగించి, పక్కకి జరిగి, వేలు పెట్టి చదివింది.

"మేకకి, గొడుగు, ఎందుకు."

ముందెవరో నవ్వారు, తరువాత అందరూ నవ్వారు, ఆ నవ్వులో వెక్కిరింత లేదు. ఒక తల్లి తన ఒళ్ళోని రంగుల పుస్తకం మీద అరచెయ్యి పెట్టి బొమ్మని మూసి, పక్కనున్న కొడుకుని ఏదో అడిగింది. వాడు ఆమె వేళ్ళని తప్పించడానికి ప్రయత్నించాడు. ఆమె ఇంకొక తల్లి వైపు చూసింది. కాసేపటికి హాల్లో ఎక్కడ చూసినా బొమ్మల మీద చేతులే. సభ ఎలా ముగిసిందో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు.

ఆ రాత్రి పై వాటా తలుపు తెరుచుకోలేదు. పిట్ట మాత్రం కిందికొచ్చి తిని వెళ్ళింది. గోడ టీచర్ సర్దుకోవాల్సినవి మనసులోనే సర్దుకుంది. ఈసారి స్టోరు కూడా పోతుందని, బడే పోతుందని ఆవిడకి దాదాపు రూఢి అయిపోయింది. పోతే పోనీ అనుకుంది. పిట్ట చదివింది, అది చాలు. చాలు అనుకుంది కానీ చాలలేదు. ఒకటో తరగతిలో బొమ్మని వెతుక్కునే పిల్లలు ఇంకా గదినిండా ఉన్నారు.

పొద్దున్న ఇంటర్వెల్ వేళకి కిటికీ ముందు పిల్లల వరస ఎప్పటిలాగే ఉంది. ఆ వరస చివర మేడమ్ నిలబడి ఉంది. పిల్లలు తప్పుకోబోతే వద్దంది. తన వంతు వచ్చేదాకా నిలబడి, కిటికీ దగ్గరికి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"నాకెందుకు చెప్పలేదు వదినా?"

"ఆయన ఒట్టు వేయించుకున్నారు."

"నేను చదివేదాన్నే... అన్నయ్య వినేవాడు. నేనే అన్నయ్య చదువు పాడుచేశానా?"

"నువ్వు కాదే. నువ్వు చిన్నపిల్లవి. పెద్దవాళ్ళెవరూ ఆయన చేత నాలుగు ముక్కలు సొంతంగా రాయించి చూడలేదు, అంతే."

మేడమ్ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. "ఒకటో తరగతికి..." అని మొదలుపెట్టింది.

గోడ టీచర్ పలకని ముందుకు జరిపింది.

"ఏం కావాలో రాయండి మేడమ్."

సరుకు తీసుకుని కూడా వెళ్ళకుండా చుట్టూ నిలబడ్డ పిల్లలు మెడలు సాచి చూశారు. మేడమ్ ఆవిడ మొహంలోకి చూసింది. అక్కడ కరిగే సూచనేమీ లేదు. బలపం తీసుకుని, వంగి రాసింది. ఒకటో తరగతికి టీచర్ కావాలి.

"చదవండి."

మేడమ్ పైకి చదివింది, పిల్లలందరూ వింటుండగా.

గోడ టీచర్ పలక అందుకుని, తీరిగ్గా చూసి, తుడిచింది. లోపలికి వెళ్ళి మూలనున్న గోనెసంచుల్లో ఒకదాన్ని కిటికీ చెక్క మీదికెత్తి పెట్టింది. తాళంచెవులు నడుముకి దోపుకుని బయటికొచ్చి, రెండో సంచి తన భుజాన వేసుకుంది.

"బరువుగా ఉంటుంది మేడమ్, రెండు చేతులతో పట్టుకోండి," అని ముందు నడిచింది.